పెరటి చెట్టు, సీమ చెట్టు

అమెరికాలో ఇల్లు కొన్న తెలుగువాడు గృహప్రవేశం అయిన మర్నాడు ఏం చేస్తాడు? పాలు పొంగించిన గిన్నె ఇంకా సింకులో ఉండగానే వెనకతలుపు తీసుకుని పెరట్లోకి వెళ్తాడు. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "ఇక్కడ కరివేపాకు, అక్కడ మునగ, ఆ మూల మామిడి" అని గాల్లో చెట్లు నాటేస్తాడు. పక్కన నిలబడ్డ ఇల్లాలు "మల్లెతీగ మర్చిపోకండి" అంటుంది. మీ ఇంట్లో కూడా ఈ సీను జరిగే ఉంటుంది. 2012లో హ్యూస్టన్ పడమటి శివారు కేటీలో ఇల్లు కొన్నప్పుడు మా ఇంట్లోనూ అచ్చం ఇలాగే జరిగింది.

వృత్తిరీత్యా నేను కంప్యూటర్ కన్సల్టెంటుని. చాలా ఏళ్ళు సోమవారం పొద్దున విమానం ఎక్కి గురువారం రాత్రి దిగే బతుకు. హోటల్ గదుల్లో కూర్చుని తోట గురించి కలలు కనడం తప్ప చేతికి మట్టి అంటింది తక్కువ. అయినా మాది నూజివీడు దగ్గర పల్లె. నాన్నగారిది మామిడితోట. చిన్నరసాలు, పెద్దరసాల మధ్య పెరిగినవాణ్ణి, నాకు చెట్ల గురించి ఎవరు చెప్పాలి అన్న ధీమా ఉండేది. ఆ ధీమా ఎలా దిగిందో చెప్పడానికే ఈ వ్యాసం.

నల్లరేగడికి దాయాది

మొదటి గుంట తవ్విన రోజే ఆశ్చర్యం. పార దిగితే నల్లటి బంకమట్టి. వానకు జిగురులా అంటుకుంటుంది, ఆగస్టు ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలు ఇస్తుంది. ఇక్కడివాళ్ళు దీన్ని 'గంబో' అంటారు. ఇళ్ళ పునాదులు బీటలు వారడానికి కూడా ఈ మట్టి ఉబ్బడం, కుంచించుకుపోవడమే కారణం. మృత్తికా శాస్త్రజ్ఞుల లెక్కలో ఇలాంటి నేలల పేరు వర్టిసోల్. మన గుంటూరు జిల్లాలో పత్తి, మిరప పండే నల్లరేగడి కూడా ఆ కుటుంబానిదే! పదివేల మైళ్ళు వచ్చి మళ్ళీ దాయాది ఇంట్లోనే దిగాను అనిపించింది.

నేల చుట్టమే అయినప్పుడు మన చెట్లు ఎందుకు రావు? ఇదీ నా లాజిక్కు. రెండేళ్ళలో ఇరవై అడుగుల వెడల్పు జాగాలో రెండు మునగలు, ఒక వేప, ఒక జామ, నాలుగు కరివేపాకు మొక్కలు కిక్కిరిసి నిలబడ్డాయి. ఇంటి ముందు బిల్డరు నాటి వెళ్ళిన లైవ్ ఓక్ మొక్క ఒకటి ఉండేది. దాన్ని మేము చెట్ల లెక్కలో వెయ్యనే లేదు. పువ్వు లేదు, పండు లేదు, ఆకు పప్పులోకి పనికిరాదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనవాళ్ళు ఊరికే అన్నారా?

నాన్న నాటిన మామిడి

2016 వేసవిలో అమ్మానాన్నలు వచ్చారు. అమ్మకు గుడి ఉంది, మనవరాలు ఉంది. నాన్నకే పొద్దు పోయేది కాదు. ఒకరోజు ఊళ్ళో నర్సరీకి తీసుకెళ్తే, ఫ్లోరిడా నుంచి వచ్చిన మల్లిక అంటు మొక్క కనబడింది. మల్లిక అంటే నీలం, దశేరి కలిపి ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థలో తయారుచేసిన రకం. నాన్న మొక్కను పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కారెక్కారు. మర్నాడు తనే గుంట తవ్వి, పాదు కట్టి, కర్ర పాతి, "మూడేళ్ళు పూత వస్తే దులిపెయ్యి. ఆశపడి కాయనిచ్చావంటే చెట్టు ఎదగదు" అని చెప్పి వెళ్ళారు.

ఆయన చెప్పినట్టే దులిపాను. 2020 వేసవిలో మొదటిసారి ఏడు కాయలు నిలిచాయి. అందులో రెండు ఉడతలకు పోయాయి. మిగిలిన అయిదింటిలో ఒకదాన్ని కోసి, ముక్క ఫోన్ కెమెరాకి చూపిస్తే నాన్న అటువైపు గుటక వేశారు. ఆ ఏడు విమానాలు లేవు, రాకపోకలు లేవు. ఆ కాయే మా రెండిళ్ళకీ మధ్య నడిచిన వంతెన.

మొక్క కొనేముందు నేను చూసుకున్నది ఒకటే. ఇక్కడి వ్యవసాయ శాఖ దేశాన్ని చలి తీవ్రతను బట్టి జోన్లుగా విడగొట్టి మ్యాపు వేసింది. హ్యూస్టన్ 9వ జోను. అంటే చలికాలంలో అతి చల్లని రాత్రి సగటున 20 నుంచి 30 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉంటుందని. లేత మామిడికి 30 దగ్గరే కష్టం. ఫరవాలేదు, దుప్పటి కప్పుదాం అనుకున్నాను. సగటు చూసి సర్వర్ కొన్నవాడి గతి ఏమవుతుందో నా వృత్తిలో రోజూ చూస్తూనే, మొక్క దగ్గరకు వచ్చేసరికి ఆ మాటే మర్చిపోయాను.

ఆ ఫిబ్రవరి రాత్రి

2021 ఫిబ్రవరి 15, 16. టెక్సాస్‌లో ఉన్నవాళ్ళకు ఆ తారీఖులు చెప్పనక్కర్లేదు. హ్యూస్టన్ విమానాశ్రయం దగ్గర 13 డిగ్రీలకు పడిపోయింది, సెల్సియస్‌లో చెప్పాలంటే మైనస్ పదిన్నర. నేను ముందే తెలివిగా మామిడి చుట్టూ పాతకాలపు క్రిస్మస్ లైట్లు చుట్టి, పైన రెండు దుప్పట్లు, ఒక టార్పాలిన్ కప్పాను. ఆ బల్బుల వేడి చాలు అనుకున్నాను. అర్ధరాత్రి దాటాక కరెంటు పోయింది. రాష్ట్రమంతటా లక్షల ఇళ్ళది అదే పరిస్థితి. లోపల మేము ముగ్గురం ఒకే గదిలో కోట్లు వేసుకుని పడుకున్నాం. కిటికీలోంచి చూస్తే పెరట్లో టార్పాలిన్ కింద లైట్లు ఆరిపోయి చీకటిగా ఉంది. ఇక చేసేదేమీ లేదని నాకప్పుడే తెలిసింది.

ఆ తుఫానులో 246 మంది చనిపోయారని తర్వాత రాష్ట్ర ప్రభుత్వం లెక్క తేల్చింది. దాని ముందు ఒక మామిడి చెట్టు ఎంత? ఆ మాట తెలిసే, నెలరోజులు ఆ సంగతి నాన్నకు చెప్పలేకపోయాను. "చెట్టు ఎలా ఉందిరా?" అంటే "ఆకు రాలింది" అనేవాణ్ణి. అబద్ధం కాదు కదా! ఉగాది నాటికి బెరడు గోకి చూశాను. పచ్చదనం లేదు. కింద అంటు కట్టిన చోటుదాకా గోధుమరంగే. వేప పోయింది, జామ పోయింది. మునగలు నేలదాకా మాడిపోయి, మే నెలలో మళ్ళీ వేళ్ళ దగ్గర్నుంచి పిలకలు వేశాయి. ఆకుచెత్త మందంగా కప్పిన ఒక్క కరివేపాకు మొదలు బతికింది.

ఇంటి ముందున్న లైవ్ ఓక్ మాత్రం ఆకులన్నీ గోధుమరంగుకు తిప్పి, రాల్చి, ఏప్రిల్ కల్లా ఏమీ జరగనట్టు నిండుగా చిగురించింది.

చివరికి నాన్నకు వీడియోలో చెట్టు చూపించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "ఏరా, నువ్వు నెలనుంచీ ఆకు రాలింది అంటుంటే నాకు తెలీదనుకున్నావా? చెట్టు పోయినా పాదు ఉంది కదా. ఈసారి నీకు ఇష్టమైంది కాదు, ఆ నేలకు ఇష్టమైంది వెయ్యి."

మల్గోవా మనవడు

ఆ మాట వెంటనే మింగుడు పడలేదు. మామిడి మీద మమకారం తీరక, 2022 వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదీ దక్షిణ ఫ్లోరిడా వెళ్ళాం. పిల్లల కోసం డిస్నీ అని చెప్పి, నాలుగు గంటలు అదనంగా కారు నడిపి మయామీ పక్కన కోరల్ గేబుల్స్‌లో ఉన్న ఫెయిర్‌చైల్డ్ ఉష్ణమండల వృక్షోద్యానానికి తీసుకెళ్ళాను. 1938లో తెరిచిన తోట. ప్రపంచమంతా తిరిగి అమెరికాకు వేలకొద్దీ మొక్కలు తెప్పించిన డేవిడ్ ఫెయిర్‌చైల్డ్ పేరు పెట్టారు. అక్కడ చదువుకున్న మామిడి కథ మన పాఠకులకు తప్పక చెప్పాలి.

1889లో అమెరికా వ్యవసాయ శాఖ మన దేశం నుంచి కొన్ని మామిడి అంట్లు తెప్పించి ఫ్లోరిడాలో రైతులకు పంచింది. వాటిలో ఒక రకం పేరు ముల్గోబా. అవును, మన మల్గోవా పేరే, ఇక్కడి నాలుక తిరిగినట్టు తిరిగింది. 1894, 95 చలికాలంలో ఘోరమైన మంచు పడి అవన్నీ పోయాయి. లేక్ వర్త్ సరస్సు ఒడ్డున ఎల్‌బ్రిడ్జ్ గేల్ అనే విశ్రాంత ప్రొఫెసరు దగ్గరున్న ఒకే ఒక్క ముల్గోబా మిగిలింది. దాని విత్తనపు మొక్కల్ని హేడెన్ అనే రిటైర్డ్ సైనికాధికారి 1902లో కోకోనట్ గ్రోవ్‌లో నాటాడు. మర్నాటి ఏడే ఆయన పోయాడు. భార్య ఫ్లారెన్స్ హేడెన్ ఆ మొక్కల్ని సాకింది. 1910లో వాటిలో ఒకటి ఎర్రటి బుగ్గలతో అందమైన కాయలు కాసింది. అదే హేడెన్ మామిడి. ఆ చెట్టు సంతానమే తర్వాత ఫ్లోరిడాలో పుట్టిన చాలా రకాలు.

మనం షాపులో కొని, "ఛీ, పీచు, రుచీ లేదు పచీ లేదు" అని తిట్టుకునే టామీ ఆట్కిన్స్ హేడెన్ గింజనుంచి వచ్చిందే అంటారు. అంటే మన మల్గోవాకు మనవడన్నమాట! కాకపోతే అమ్మమ్మ రుచి రాలేదు. దాని రుచి చూసి ఫ్లోరిడా మామిడి నిపుణులు కూడా మొదట్లో తిప్పికొట్టారు. కానీ తొక్క మందం, లారీలో దెబ్బ తినదు, వారాలు నిలవ ఉంటుంది. అందుకని వ్యాపారులు నెత్తిన పెట్టుకున్నారు.

ఈ కథ విన్న మా అమ్మాయి ఒక ప్రశ్న వేసింది: "అయితే ఆ ఒక్క చెట్టు బతికింది కాబట్టి ఇంత జరిగింది. ఆ చోట నీళ్ళ పక్కన చలి తక్కువని కదా? మనింట్లో అంత వెచ్చని చోటు లేదుగా నాన్నా, మరి మళ్ళీ మామిడే వేస్తానంటావేం?"

నాన్న చెప్పినదే. ఈసారి మనవరాలి నోట, తెలుగూ ఇంగ్లీషూ కలిపి.

కరివేపాకు విషయంలో నా తప్పు

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. మా మొదటి కరివేపాకు మొక్కలు 2013లో వేరే రాష్ట్రం నుంచి వచ్చాయి. మాకు బాగా తెలిసిన ఆంటీ ఒకావిడ కారు వెనక సీట్లో పెట్టుకుని, మూడు రాష్ట్రాలు దాటించి ప్రేమగా తెచ్చిచ్చారు. వాటి పిలకల్ని నేను పాట్‌లక్ విందులకు తీసుకెళ్ళి పంచాను. అందరూ దీవించారు. 2015లో కాలిఫోర్నియాకు మారుతున్న మిత్రుడు ఒకటి పట్టుకెళ్తే, రాష్ట్ర సరిహద్దు దగ్గర వ్యవసాయ తనిఖీలో తీసేసుకున్నారు. "కరివేపాకు కూడా స్మగ్లింగేనా?" అని ఫోన్‌లో ఇద్దరం నవ్వుకున్నాం, కాస్త కోప్పడ్డాం కూడా.

తర్వాత చదివితే నవ్వు ఆగిపోయింది. కరివేపాకు నిమ్మ, నారింజల కుటుంబానిదే. ఆసియా నుంచి వచ్చిన సిట్రస్ సిల్లిడ్ అనే పురుగుకు దాని లేతచిగుళ్ళంటే ప్రాణం. బియ్యపుగింజలో సగం ఉంటుంది. తోక పైకెత్తి, ఏటవాలుగా కూర్చుని రసం పీలుస్తుంది. ఆ పురుగు నారింజ చెట్ల మధ్య 'గ్రీనింగ్' అనే జబ్బును మోస్తుంది. ఆ జబ్బు సోకిన చెట్టుకు కాయలు పక్వానికి రావు, వంకరపోయి రాలిపోతాయి. నయం చేసే మందు లేదు. మన బత్తాయి తోటలకూ ఈ పీడ ఉంది.

పురుగు ఫ్లోరిడాలో 1998లో, టెక్సాస్‌లో 2001లో, కాలిఫోర్నియాలో 2008లో కనబడింది. జబ్బు ఫ్లోరిడాలో 2005లో, మిగతా రెండు రాష్ట్రాల్లో 2012లో బయటపడింది. ఫ్లోరిడా నారింజ పంట 2003-04లో 24 కోట్ల పెట్టెలు, 2023-24కు దాదాపు 1.8 కోట్ల పెట్టెలు. తుఫానుల పాత్ర కూడా ఉన్నా అసలు దెబ్బ ఈ జబ్బుదే. కాలిఫోర్నియాలో అది మొదట దొరికింది పెద్ద తోటలో కాదు, లాస్ ఏంజెలెస్ దగ్గర హసియెండా హైట్స్ అనే చోట ఒక ఇంటి పెరట్లో చెట్టుకు. మనలాంటి వాళ్ళ పెరడే.

నా పిలకల వల్ల ఎవరికైనా నష్టం జరిగిందో లేదో నాకు ఎప్పటికీ తెలియదు. కానీ రైతు కొడుకుని. ఎవరి తోటకో తెగులు మోసుకెళ్ళే పని తెలిసి చెయ్యలేను. అప్పట్నుంచి ఇండియా నుంచి ఆకూ, మొక్కా, గింజా తేవడం లేదు. రాష్ట్రం దాటించడం లేదు. కావలసినవాళ్ళు తమ రాష్ట్రంలోనే అనుమతి ఉన్న నర్సరీలో కొనుక్కోవాలని చెబుతున్నాను. "మరీ అంత పట్టింపా?" అనేవాళ్ళున్నారు. ఫ్లోరిడా లెక్క చెబుతాను.

చికడీ పిట్ట లెక్క

2022 చివర్లో మా అమ్మాయి ఆరో తరగతి సైన్సు ప్రాజెక్టుకు 'మా పెరట్లో పిట్టలు' అనే అంశం తీసుకుంది. శనివారం ఉదయాలు నోటుబుక్కు పట్టుకుని కూర్చునేది. వారాలు గడిచినా వెనక పెరటి పేజీ దాదాపు ఖాళీ. ముందున్న ఓక్ పేజీ మాత్రం నిండిపోయింది. నల్లటోపీ పెట్టుకున్నట్టుండే కరోలైనా చికడీ, వడ్రంగిపిట్ట, బ్లూ జే, ఉడతలు. ఎందుకలా?

డెలావేర్ విశ్వవిద్యాలయం ప్రొఫెసరు డగ్లస్ టాలమీ పుస్తకాల్లో జవాబు దొరికింది. చికడీ గింజలు తింటుంది కానీ, పిల్లలకు పెట్టేది గొంగళిపురుగులే. ఒక జంట ఒక్క కాన్పు పిల్లల్ని పెంచి ఎగరెయ్యడానికి ఆరు నుంచి తొమ్మిదివేల గొంగళిపురుగులు కావాలి! ఆ పురుగులు ఏ ఆకు పడితే ఆ ఆకు తినలేవు. వేల ఏళ్ళుగా తమతో పెరిగిన చెట్ల ఆకులే చాలావాటికి అరుగుతాయి. అమెరికాలో ఓక్ జాతి చెట్ల మీద వందల రకాల గొంగళిపురుగులు బతుకుతాయి. పరాయి దేశపు చెట్టు మీద వేళ్ళ మీద లెక్కపెట్టే అన్ని. వాషింగ్టన్ చుట్టుపక్కల ఇళ్ళ పెరళ్ళలో చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, స్థానిక మొక్కలు 70 శాతం కంటే తగ్గిన చోట చికడీల సంతతి నిలదొక్కుకోలేకపోయిందని తేలింది.

"అంటే మన చెట్లు చూడ్డానికి పచ్చగా ఉన్నా, పిట్టలకు ప్లాస్టిక్ చెట్లతో సమానం" అని మా అమ్మాయి రిపోర్టులో రాసింది. చదివి నాకు రోషం వచ్చింది. కానీ మార్కులు బాగా వచ్చాయి.

ఎవరిది ఏ ఊరు?

అయితే పరాయి చెట్లన్నీ పాపిష్టివా? అలా అంటే ముందు మన ఊరినే వేలెత్తి చూపాలి. సీతాఫలం, జామ, బొప్పాయి, జీడిమామిడి, అన్నీ అమెరికా ఖండాల నుంచి ఓడల్లో వచ్చినవే. మా అమ్మాయి నమ్మలేదు. "సీతమ్మ పేరు పెట్టుకుని?" అంది. అవును, అంత మనవైపోయాయి. చింత మరీ పాత వలస, ఆఫ్రికా నుంచి. దాని తర్వాత మెక్సికో నుంచి ఇంకో పులుపుకాయ వస్తే, మనవాళ్ళు పేరులోనే పాస్‌పోర్టు ముద్ర కొట్టారు: సీమచింత. సముద్రం అవతలి సరుకంతా మనకు 'సీమ' సరుకే కదా.

అన్ని సీమ చెట్లూ అంత మర్యాదగా ఉండవు. 1877 ప్రాంతంలో జమైకా నుంచి తెప్పించిన విత్తనాలతో కడప జిల్లా కమలాపురం దగ్గర ఒక ముళ్ళచెట్టు నాటారు. వంటచెరుకు కోసం. అదే సర్కారు తుమ్మ. ఇవాళ బీళ్ళూ చెరువుగట్లూ దానివే. దాని దగ్గరి చుట్టం మెస్కీట్ మాత్రం టెక్సాస్‌లో స్వంత చెట్టు, ఇక్కడి బార్బెక్యూ పొగకు పేరు తెచ్చిన కట్టె. ఇటునుంచి అటు చూస్తే, ఒకప్పుడు అలంకారానికి అమ్మిన చైనీస్ టాలో చెట్టు ఇక్కడి తీరపు గడ్డిమైదానాల్ని మింగేస్తోంది. టెక్సాస్ వ్యవసాయ శాఖ దాన్ని హానికర మొక్కల జాబితాలో పెట్టింది.

కాబట్టి నాకు అర్థమైనది ఇంతే. చెట్టు ఎక్కడ పుట్టిందన్నది మొదటి ప్రశ్నే కానీ చివరి ప్రశ్న కాదు. వచ్చిన చోట అది అతిథిలా ఉందా, ఇల్లు ఆక్రమించిందా? చుట్టూ ఉన్నవాళ్ళకు ఇంత పెడుతోందా, ఉన్నది లాక్కుంటోందా? ఈ ప్రశ్న చెట్లకేనా అని మీరు అడిగితే, మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఆ చర్చ కూడా జరిగింది. అది ఇంకో వ్యాసం.

ఇప్పుడు మా పెరడు

2021 శరదృతువులో నాన్న కట్టిన పాదు నెలల తరబడి ఖాళీగా ఉండటం చూడలేక, నర్సరీవాళ్ళ సలహా మీద మెక్సికన్ ప్లమ్ నాటాను. అప్పుడది తాత్కాలికమే, మళ్ళీ మామిడి వేద్దామనే అనుకున్నాను. పేరులో మెక్సికో ఉన్నా టెక్సాస్ సొంత చెట్టే. ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాకముందే తెల్లటి పూలతో నిండిపోతుంది. తేనెటీగల రొద వంటింట్లోకి వినబడుతుంది. చికడీ ప్రాజెక్టు తర్వాత ఇక దాన్ని కదపలేదు. కంచె పక్కన యోపాన్ హాలీ నాటాం. కాఫీ లేనిదే కళ్ళు తెరవని మనవాళ్ళకు ఇది ఆసక్తికరం: దీని ఆకులో కెఫీన్ ఉంది, ఇక్కడి ఆదివాసులు వందల ఏళ్ళుగా దాన్ని కాచుకుని తాగారు. పిల్లలూ, ఎర్రటి పళ్ళు చూసి నోట్లో పెట్టుకోకండి, వాంతులవుతాయి. అవి పిట్టలకు.

పీకాన్ వెయ్యడానికి మా పెరడు చాలదు. అయినా 1919 నుంచి టెక్సాస్ రాష్ట్ర వృక్షమైన ఆ చెట్టు కథ పిల్లలకు చెబుతుంటాను. 1906లో చనిపోయిన మాజీ గవర్నర్ జేమ్స్ హాగ్ తన సమాధికి రాయి వద్దన్నాడు. తల దగ్గర పీకాన్, కాళ్ళ దగ్గర వాల్‌నట్ నాటి, ఆ కాయల్ని నాటుకోవడానికి సామాన్యులకు పంచమన్నాడు.

మరి మన చెట్లు? ఉన్నాయి, కుండీల్లో. రెండు కరివేపాకులు, ఒక మల్లె, ఒక నిమ్మ. కుండీల కింద చక్రాల పలకలు పెట్టాం. 40 డిగ్రీలకు పడిపోతుందంటే చాలు, అన్నీ గరాజులోకి దొర్లుతాయి. కార్లు బయట చలిలో ఉంటాయి. వారానికోసారి మా అమ్మాయి భూతద్దంతో చిగుళ్ళు చూస్తుంది. తోక ఎత్తిన పురుగు గానీ, తెల్లటి మైనపు పోగులు గానీ కనిపిస్తే కౌంటీ వ్యవసాయ విస్తరణ కార్యాలయానికి ఫోన్ చెయ్యాలని ఫ్రిజ్ మీద కాగితం అంటించింది. ఏటా మొదలంటా కత్తిరించినా మళ్ళీ లేచే మునగ ఒక్కటే నేలలో మిగిలిన మన ఊరి మొక్క.

కొత్తగా ఇల్లు కొన్న మిత్రులకు నా అనుభవంలోంచి నాలుగు మాటలు. సగటు చలి కాదు, మీ ఊళ్ళో పడిన అతి ఘోరమైన చలి ఎంతో అడగండి. నాలుక కోరేది కుండీలో పెంచండి, నేలను నేల చెట్లకు ఇవ్వండి. ఇండియా నుంచి సూట్‌కేసులో మొక్కా గింజా తేకండి. మీ పెరట్లో బిల్డరు నాటిన చెట్టు ఏదో, కొట్టేసే ముందు దాని పేరు తెలుసుకోండి.

మెక్సికన్ ప్లమ్ 2025 వేసవిలో మొదటిసారి కాసింది. పళ్ళు చిన్నవి, పుల్లగా, తోలు దగ్గర వగరుగా ఉన్నాయి. తినడానికి మా అమ్మాయి మొహం చిట్లించింది. మా ఆవిడ గింజలు తీసి, ఎండుమిర్చి వేయించి, పచ్చడి నూరింది. కుండీలోంచి రెండు రెబ్బలు కరివేపాకు దూసి తాలింపు వేసింది. వేడి అన్నంలో నెయ్యి వేసుకుని కలుపుతుంటే నాన్న ఫోన్ వచ్చింది. పళ్ళెం చూపించాను.

"ఏం పచ్చడిరా అది?"

"మామిడి ఉండే పాదులో చెట్టు కాసింది నాన్నా."

"పులుపు తగిలిందా?"

"తగిలింది."

"అయితే వచ్చే ఏడు పూత దులపకు" అన్నారు.